నాలుగు నుంచి ఏడు దాకా పిల్లలు ఎవరి దగ్గర?

పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠా సిటీలోకి దిగిందన్న మెసేజ్ ఏడాదికోసారైనా మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. 2018 మే నెలలో అలాంటి పుకారే హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణం తీసింది. గుంపు కొట్టి చంపింది. ఆమె ఏ బిడ్డనూ ఎత్తుకెళ్లలేదు.

కొత్త మొహం కనబడితే అంత భయపడే మనం, రోజూ ఇంటికొచ్చే మొహాన్ని మాత్రం అనుమానించం. లెక్కలు చూస్తే వ్యవహారం తలకిందులుగా ఉంటుంది. పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, కింద నమోదయ్యే అత్యాచారం కేసుల్లో నూటికి తొంభై మందికి పైగా నిందితులు బిడ్డకు ముందే తెలిసినవాళ్లని జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) నివేదికలు ఏటా చెబుతూనే ఉన్నాయి. బంధువు, పొరుగింటాయన, ట్యూషన్ సారు, ఆటో అంకుల్, అన్న స్నేహితుడు. ఇంకో భ్రమ, ఆడపిల్లలున్న ఇళ్లే జాగ్రత్త పడాలని. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2007లో విడుదల చేసిన అధ్యయనంలో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందని చెప్పినవాళ్లు 53.22 శాతం. అందులో మగపిల్లలు సగానికి కాస్త ఎక్కువే. ఎక్కువ శాతం నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

అందుకే పిల్లలకు 'మంచి స్పర్శ, చెడ్డ స్పర్శ' నేర్పించి చేతులు దులుపుకోవడం మీద మాకు పెద్ద నమ్మకం లేదు. నేర్పాలి, నేర్పొద్దని కాదు. కానీ ఆరేళ్ల పిల్లకు క్లాసు చెప్పేసి, నలభై ఏళ్ల మనిషిని ఆపే బరువు ఆ పిల్ల నెత్తిన పెట్టడం న్యాయం కాదు. ఆ పని పెద్దవాళ్లది. పిల్ల ఒంటరిగా, ఎవరి కంటికీ ఆనకుండా ఒకే మనిషి చేతిలో ఉండే సమయాలు ఏవో వెతికి, వాటిని తగ్గించాలి. హైదరాబాద్‌లో చాలా ఇళ్లకు ఆ సమయం సాయంత్రం నాలుగు నుంచి ఏడు. స్కూలు వదిలేస్తారు, అమ్మానాన్నలు ఇంకా ట్రాఫిక్‌లోనే ఉంటారు.

తెలిసినవాడు ఎలా దగ్గరవుతాడు

ఒక్కరోజులో జరిగేది కాదిది. ముందు ఎవరి మీద కన్ను తక్కువ ఉందో చూసుకుంటాడు. తల్లిదండ్రులిద్దరూ పనికెళ్లే ఇల్లు, ఒంటరి తల్లి ఉన్న ఇల్లు, ఊరి నుంచి కొత్తగా వచ్చిన కుటుంబం, మాట సరిగ్గా రాని పిల్ల. తర్వాత పిల్ల కంటే ముందు పెద్దవాళ్ల నమ్మకం సంపాదిస్తాడు. గ్యాస్ సిలిండర్ మోసిపెడతాడు, ఫీజుకు చేబదులిస్తాడు, 'మీరు వెళ్లిరండి, నేను చూసుకుంటా' అంటాడు. ఆ తర్వాత పిల్లతో చిన్న చిన్న రహస్యాలు మొదలవుతాయి: ఫోన్లో గేమ్, కుర్‌కురే ప్యాకెట్, 'అమ్మకు చెప్పకు' అనే మాట. ఆటలా తాకి చూస్తాడు, చక్కిలిగింతలు, ఒళ్లో కూర్చోబెట్టుకోవడం. పిల్ల ఇంట్లో చెప్పకపోతే తన దారి సాఫీ అయిందనుకుంటాడు. చివరికి బెదిరింపు: 'చెబితే అమ్మను చంపేస్తా', లేదా ఇంకా మెత్తగా, 'చెబితే నిన్నే కొడతారు'.

ఇందులో పెద్దవాళ్లు తుంచేయగలిగిన చోటు మధ్యలోని ఆ రహస్యమే. మన ఇంట్లో అమ్మకు చెప్పకూడని సంగతంటూ ఏదీ ఉండదన్న నియమం మూడేళ్ల పిల్లకు కూడా అర్థమవుతుంది. పుట్టినరోజు బహుమతి లాంటి దాపరికమైతే పరవాలేదు, అది నాలుగు రోజుల్లో అందరికీ తెలిసిపోయేదే. రెండోది, చుట్టాలొచ్చినప్పుడు 'అంకుల్‌కి ముద్దు పెట్టమ్మా' అని ముందుకు తోయడం మానేయాలి. పిల్ల వద్దంటే దణ్ణం పెట్టిస్తే చాలు. పెద్దవాళ్లకు చిన్నతనం అవుతుందని పిల్ల చేత 'సరే' అనిపిస్తే, అవతల ఇంకెవరి దగ్గరా వద్దనడం ఆ పిల్లకు రాదు. ఒంట్లో అన్ని భాగాల పేర్లూ సిగ్గుపడకుండా నేర్పండి. రేపు పోలీసులకో డాక్టరుకో ఏం జరిగిందో పిల్ల స్పష్టంగా చెప్పగలగాలి.

ఆటో, ట్యూషన్, అపార్ట్‌మెంట్, బస్తీ

స్కూలు ఆటోలో అసలు ప్రమాదం రెండు చోట్ల ఉంటుంది. ఒకటి డ్రైవర్ సీటు. జాగా చాలక చిన్న పిల్లను పక్కన ఇరికించి కూర్చోబెడతారు. అది ఒప్పుకోకండి, యాక్సిడెంట్ లెక్కన చూసినా అది తప్పే. రెండోది ఆఖరున దిగే పిల్ల. అందరూ దిగిపోయాక పది, పదిహేను నిమిషాలు ఆ పిల్ల, డ్రైవర్ ఇద్దరే. ఆటోకు ఎక్కించే నాలుగు కుటుంబాలు కూర్చుని, ఆఖరి స్టాపులో ఎప్పుడూ ఇద్దరు దిగేలా రూటు మార్చుకోవచ్చు. కుదరకపోతే ఆ ఇంట్లోవాళ్లు ముందు స్టాపు దగ్గరికే వచ్చి తీసుకెళ్లాలి. ఖర్చు లేని పని, అయినా చేసేవాళ్లు తక్కువ. స్కూలు బస్సులో ఆయా ఉందా అని అడగడం కాదు, ఆఖరి పిల్ల దిగేదాకా ఉంటుందా అని అడగండి. సగం దారిలో తన ఇల్లు రాగానే దిగిపోయే ఆయాలు చాలామంది.

ట్యూషన్ హాల్లో జరగాలి, తలుపు తీసి ఉండాలి, ఒక్క పిల్ల మాత్రమే ఉండే టైము పెట్టొద్దు. నెలకు రెండుసార్లు చెప్పకుండా పావుగంట ముందు వెళ్లండి. మంచి టీచర్ దీనికి నొచ్చుకోరు. నొచ్చుకుంటే టీచర్‌ని మార్చండి. సంగీతం, కరాటే, అరబీ, వేదపాఠం, ఏ క్లాసైనా ఇదే లెక్క. గురువన్న గౌరవం వేరు, తలుపు మూసుకోవడం వేరు.

అపార్ట్‌మెంట్లలో అసోసియేషన్ వాళ్లు గేటు దగ్గర సీసీ కెమెరాకు లక్షలు పెడతారు, టెర్రస్ తాళం మాత్రం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఒక ఆదివారం పొద్దున బిల్డింగ్ అంతా తిరిగి చూడండి: టెర్రస్ మీద లిఫ్ట్ మెషిన్ రూమ్, సెల్లార్‌లో జనరేటర్ వెనక, మీటర్ల గది, క్లబ్‌హౌస్ టాయిలెట్, అమ్ముడుపోక ఖాళీగా ఉన్న ఫ్లాటు. వాడుకలో లేని గదికి తాళం పడాలి, తాళం ఎవరు తీశారో రిజిస్టర్‌లో రాయాలి. సెల్లార్‌లో చీకటి మూలకు ఒక ట్యూబ్‌లైట్ పెట్టాలి. వాచ్‌మన్‌కు పోలీస్ వెరిఫికేషన్ చేయించాం కదా అని నిశ్చింతగా ఉండకండి. పాత కేసు ఉంటేనే అందులో తేలుతుంది, చేసేవాళ్లలో చాలామంది మీద పాత కేసే ఉండదు. పైగా వేలెత్తి చూపేది ఎప్పుడూ వాచ్‌మన్ వైపే. ఫలానా ఫ్లాటు ఓనర్ గురించైతే ఎవరూ నోరు మెదపరు. ఆ వాచ్‌మన్ పిల్లలు కూడా అదే సెల్లార్‌లో పెరుగుతున్నారని గుర్తుపెట్టుకోండి. వాళ్లను చూసేవాళ్లే ఉండరు.

స్కూళ్లలో కూడా అంతే. 2022లో సిటీని కుదిపేసిన ఒక కేసులో నిందితుడు టీచర్ కాదు, ప్రిన్సిపాల్ దగ్గర పనిచేసే డ్రైవర్. క్లాసుతో పనిలేని మనిషి క్లాసురూముల వైపు ఎందుకు తిరుగుతున్నాడని అడిగే వ్యవస్థ లేకపోవడమే అక్కడి లోపం. పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయ్యాక ఒక్క మూడు ప్రశ్నలు వేయండి. చిన్న పిల్లల్ని టాయిలెట్‌కు ఎవరు తీసుకెళ్తారు? స్టాఫ్‌రూమ్, ల్యాబ్ తలుపులకు అద్దం ఉందా? ఫిర్యాదు వస్తే రాతపూర్వకంగా ఎవరు తీసుకుంటారు?

బస్తీల్లో ఈ చిట్కాలు సగం పనికిరావు. ఒక్క గది ఇల్లు, వీధి చివర టాయిలెట్, తల్లి నాలుగు ఇళ్లలో పని ముగించుకుని వచ్చేసరికి చీకటి. అక్కడ పనికొచ్చేది మనుషుల ఏర్పాటే. అంగన్‌వాడీ మూసే టైము, స్కూలు వదిలే టైము, తల్లులు తిరిగొచ్చే టైము ఒక కాగితం మీద రాసి, మధ్యలో ఖాళీ ఎంతో చూడాలి. ఆ ఖాళీకి ఇద్దరు ఆడవాళ్లు వంతులవారీగా, ఒకే చోట, గుమ్మం తీసి ఉన్న ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకోవాలి. ఒక్కరు కాదు, ఇద్దరు. పొదుపు సంఘం ఉన్న చోట ఇది త్వరగా కుదురుతుంది. మిగతావాళ్లు వాళ్లకు నెలకింత ఇవ్వడం కూడా సబబే, ఊరికే చేయమంటే రెండు నెలల్లో ఆగిపోతుంది.

అసలు ఎవరి లెక్కలోకీ రాని పిల్లలు ఇంకో రకం. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల మీద పోలీసులు దాడులు చేస్తే వందల సంఖ్యలో పిల్లలు బయటపడ్డారు, చాలామంది బిహార్ నుంచి తెచ్చినవాళ్లు. గాలి ఆడని గదుల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా పని. ఇప్పటికీ ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో గాలింపు జరుగుతుంది. మిగతా పది నెలలు మీ వీధిలో షట్టర్ దించి ఉన్న షెడ్డులోంచి పిల్లల గొంతులు వినబడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాల్సింది మీరే. పేరు చెప్పాల్సిన పని లేదు. 14 ఏళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరమే, స్కూలు అయ్యాక సొంత ఇంటివాళ్ల పనిలో చేసే సాయానికి తప్ప మినహాయింపు దాదాపు లేదు. 'మా చుట్టాలబ్బాయి, నేర్చుకుంటున్నాడు' అన్న మాట విని వెనక్కి రావద్దు. ఫ్లాటులో పాపను ఆడించడానికి ఊరి నుంచి తెచ్చుకున్న పన్నెండేళ్ల అమ్మాయికీ ఇదే చట్టం.

ఒంటి మీద, ప్రవర్తనలో కనబడేవి

ఆడుకునే పిల్లలకు దెబ్బలు మోకాళ్ల మీద, మోచేతుల మీద, నుదుటి మీద తగులుతాయి. చెవులు, బుగ్గలు, వీపు, పిరుదులు, తొడల లోపలి భాగం కమిలిందంటే ఆగి అడగాలి. ఇంకా నడక రాని పసిబిడ్డ ఒంటి మీద కమిలిన మచ్చ ఎక్కడున్నా సరే డాక్టరుకు చూపించాలి. కామెర్లకనీ, ఫిట్స్‌కనీ వాతలు పెట్టించడం సిటీ శివార్లలో ఇంకా ఉంది. ప్రేమతోనే చేయించామంటారు. బిడ్డకు కాలిందా లేదా అన్నదే చూడాలి. అసలు జబ్బుకు మందు పడక ఆలస్యమవడం ఇంకో నష్టం.

లైంగిక వేధింపుకు ఒంటి మీద గుర్తులు చాలాసార్లు ఉండవు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, ఫలానా మనిషి వస్తే మంచం కింద దూరడం, ఒకే క్లాసు రోజున కడుపునొప్పి, మూత్రానికి వెళ్తే మంట, వయసుకు మించిన లైంగిక మాటలు, ఎక్కడిదో చెప్పలేని డబ్బు. ఏ ఒక్కటీ రుజువు కాదు. పక్క తడిపే పిల్లలందరి వెనకా నేరం ఉండదు. రెండు మూడు కలిసి, అకస్మాత్తుగా వస్తే మాత్రం, తీరిగ్గా పక్కన కూర్చోండి.

పిల్ల నోరు విప్పిన మొదటి పది నిమిషాలు

పిల్లలు కథలా చెప్పరు. 'నేను ట్యూషన్‌కి పోను', 'ఆ అన్న నాకు నచ్చడు' అని ఒక ముక్క వదిలి మన మొహం చూస్తారు. ఆ మొహంలో కోపం కనబడితే మిగతా ముక్క లోపలే ఆగిపోతుంది. మన కోపం వాడి మీదే కావచ్చు, పిల్లకు మాత్రం తన మీదే అనిపిస్తుంది.

అనాల్సినవి మూడే మాటలు: చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేం లేదు, నేను నమ్ముతున్నా. అనకూడనివి చాలా ఉన్నాయి. 'నిజమేనా?', 'అప్పుడే ఎందుకు చెప్పలేదు?', 'నువ్వెందుకెళ్లావు?', ఒట్టు వేయించడం, దేవుడి పటం ముందు నిలబెట్టడం. 'ఎవరికీ చెప్పనులే' అని మాటివ్వొద్దు, ఆ మాట నిలబెట్టుకోలేరు. 'నీకు సాయం చేసేవాళ్లకు మాత్రమే చెబుతా' అనండి. వివరాలన్నీ లాగకండి. ఎవరు, ఎక్కడ, ఇప్పుడు నొప్పి ఉందా, ఇవి తెలిస్తే చాలు. 'తర్వాత ఏమైంది?' అని అడగొచ్చు. 'అక్కడ చెయ్యి పెట్టాడా?' అని మనమే జవాబు అందించే ప్రశ్న వేస్తే, రేపు కోర్టులో డిఫెన్స్ లాయర్ పట్టుకునేది దాన్నే. అత్త వచ్చి ఒకసారి, నాయనమ్మ వచ్చి ఒకసారి మళ్లీ మళ్లీ చెప్పించడం, ఫోన్లో వీడియో తీయడం కూడా అంతే చెరుపు. పిల్ల అన్న మాటలు అన్నట్టుగానే, ఆ భాషలోనే, తేదీ, టైము వేసి ఒక కాగితం మీద రాసుకోండి.

వెంటనే ఆ మనిషి మీదికి వెళ్లకండి. నాలుగు తన్నాలనిపిస్తుంది, ఆ ఆవేశం అర్థం చేసుకోగలం. కానీ వాడు జాగ్రత్తపడతాడు, ఫోన్లో ఉన్నవి చెరిపేస్తాడు, రాత్రికి రాత్రి ఊరు దాటుతాడు. కొట్టినందుకు మీ మీదే కేసు పడుతుంది, ఆ కేసు వెనక్కి తీసుకుంటా అంటూ రాజీ బేరం మొదలవుతుంది.

ఆస్పత్రి, పోలీసులు

జరిగి కొన్ని గంటలే అయితే స్నానం చేయించకండి, బట్టలు ఉతకకండి. విప్పిన బట్టలు ఒక్కోటి విడివిడిగా కాగితం కవర్లో పెట్టండి, కవర్ లేకపోతే న్యూస్‌పేపర్‌లో చుట్టండి. ప్లాస్టిక్ కవర్ వద్దు. చెమ్మ లోపలే ఉండిపోయి బూజు పడితే ఆనవాళ్లు పోతాయి. తడిగా ఉంటే నీడలో ఆరనివ్వండి. ఇప్పటికే స్నానం అయిపోయినా వెళ్లండి. ఆరోగ్యశాఖ మార్గదర్శకాల ప్రకారం 96 గంటల దాకా నమూనాలు తీసుకోవచ్చు. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు మాత్రం 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరైతే అంత మేలు. గాయం కనబడలేదు కాబట్టి ఏం జరగలేదన్న మాట డాక్టరు నోటి నుంచి వచ్చినా ఒప్పుకోకండి, వైద్యపరంగా అది తప్పు.

చికిత్సకు ముందు ఎఫ్‌ఐఆర్ తెమ్మనే హక్కు ఏ ఆస్పత్రికీ లేదు, ప్రైవేటుదైనా సరే. వైద్యం ఉచితంగా చేయాలి. నిరాకరిస్తే భారతీయ న్యాయ సంహిత 200వ సెక్షన్ కింద బాధ్యుడికి ఏడాది దాకా జైలు. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి, పక్కన తల్లో, పిల్ల నమ్మే మనిషో ఉండాలి. యోనిలో వేళ్లు పెట్టి చూసే 'రెండు వేళ్ల పరీక్ష' చేయకూడదని 2022లో సుప్రీంకోర్టు మళ్లీ గట్టిగా చెప్పింది.

ఫిర్యాదు ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, 'మా పరిధి కాదు' అంటే జీరో ఎఫ్‌ఐఆర్, అంటే పరిధితో పనిలేకుండా రాసుకునే ఎఫ్‌ఐఆర్, అడగండి. కాపీ ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్ గడప తొక్కడం ఇష్టం లేకపోతే 1098కి గానీ, ఎమర్జెన్సీ నంబరు 112కి గానీ ఫోన్ చేయండి. సైఫాబాద్ హాకా భవన్‌లో 2016లో పోలీసు శాఖ మొదలుపెట్టిన భరోసా కేంద్రం ఉంది. కౌన్సెలింగ్, వాంగ్మూలం, న్యాయ సాయం ఒకే కప్పు కింద దొరకాలన్నది దాని ఉద్దేశం. పిల్ల వాంగ్మూలం ఇంట్లోనో, పిల్లకు నచ్చిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్‌ఐ హోదాకు తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాం ఉండకూడదు. రాత్రిపూట ఏ కారణంతోనూ పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. పిల్లకు తెలుగు రాకపోతే అనువాదకుల్ని ఏర్పాటు చేయాలి. గచ్చిబౌలి, కొల్లూరు వైపు కన్‌స్ట్రక్షన్ సైట్లలో ఉండే ఒడియా కుటుంబాలకు ఇది తప్పకుండా అడగాల్సిన హక్కు. మేస్త్రీని అనువాదానికి కూర్చోబెడతామంటే వద్దనండి, కాంట్రాక్టర్ మనిషి ముందు ఎవరు మాట్లాడతారు?

పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి, అంటే సీడబ్ల్యూసీకి, సమాచారం ఇవ్వాలి. నిందితుడు ఇంట్లోవాడే అయినప్పుడు పిల్లను ఎక్కడ ఉంచాలన్నది మూడు రోజుల్లో తేల్చేది ఆ కమిటీయే. కేసు ముగిసేదాకా తోడుండే సపోర్ట్ పర్సన్‌ను ఇచ్చేదీ, తిండికీ ప్రయాణాలకూ తక్షణ సాయానికి సిఫార్సు చేసేదీ అదే. ఈ రెండూ అడక్కుండా వచ్చేది అరుదు, కాబట్టి రాసి అడగండి.

రాజీ పెద్దమనుషులు

కేసులు ఎక్కువగా చచ్చిపోయేది ఇక్కడే. 'పిల్ల పెళ్లి కావాలి కదా', 'వాడికీ ఇద్దరు పిల్లలున్నారు', 'కులంలో పరువు', 'స్కూలు పేరు పోతుంది'. పోక్సో నేరానికి రాజీ చెల్లదు. ఒక టీచర్ మీద కేసులో, ఇరుపక్షాలూ సర్దుకున్నాయని రాజస్థాన్ హైకోర్టు కొట్టేసిన ఎఫ్‌ఐఆర్‌ను 2024 నవంబరులో సుప్రీంకోర్టు తిరిగి నిలబెట్టింది. తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే, పోక్సో సెక్షన్ 21 కింద ఆరు నెలల దాకా జైలు. సంస్థ పెద్ద తన కింద పనిచేసేవాళ్ల విషయం దాస్తే ఏడాది దాకా. మంచి ఉద్దేశంతో ఫిర్యాదు చేసినవాళ్ల మీద, చివరికి కేసు నిలవకపోయినా, చర్య ఉండదు. ఈ ముక్క ప్రిన్సిపాల్‌కి, అసోసియేషన్ ప్రెసిడెంట్‌కి కాగితం మీద రాసి ఇస్తే మాట తీరు మారుతుంది.

పదహారేళ్ల ప్రేమ జంటల మీద ఇళ్లవాళ్లు పోక్సో పెట్టించే కేసులూ ఉన్నాయి. దాని మీద చర్చ జరగాల్సిందే, కానీ ఆరేళ్ల పిల్ల చెప్పిన మాటను పక్కన పెట్టడానికి దాన్ని సాకుగా వాడేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

'న్యాయం జరగాలి' అంటూ పిల్ల ఫొటో, స్కూలు, ఇంటి అడ్రసు గ్రూపుల్లో పెట్టడం పోక్సో సెక్షన్ 23 కింద నేరం. వేధింపు వీడియోను 'అందరూ జాగ్రత్త' అని ఫార్వర్డ్ చేయడం అంతకంటే పెద్ద నేరం. దాచుకున్నా చిక్కే. అలాంటిది వస్తే పంపినవారి నంబరు, టైము రాసుకుని సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి గానీ, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ ఫిర్యాదు చేయండి.

కేసు నడిచినన్నాళ్లూ

కోర్టు కేసు చేపట్టిన నెలలో పిల్ల సాక్ష్యం, ఏడాదిలో విచారణ పూర్తి కావాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఆలస్యమవుతుంది. నిందితుడు పిల్ల కంట పడకూడదు, మధ్యలో విరామాలు ఇవ్వాలి, లాయర్ ప్రశ్నలు జడ్జి ద్వారానే అడగాలి. ఈలోపు పిల్లను ఇంట్లో కూర్చోబెట్టకండి. స్కూలు, ఆట, స్నేహితులు పాత పద్ధతిలోనే సాగనివ్వండి. నిద్ర పట్టకపోయినా, పీడకలలు వస్తున్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మధ్యంతర పరిహారం కోసం ప్రత్యేక కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చు, తీర్పు దాకా ఆగక్కర్లేదు. ఉచిత లాయర్ కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి.

ఇంకో చిన్న సంగతి, చాలా కేసులు దీనివల్లే దెబ్బతింటాయి. ఇలాంటిది జరిగాక కుటుంబాలు ఇల్లు మారతాయి, సిమ్ కూడా మార్చేస్తాయి. సమన్లు పాత అడ్రసుకు వెళ్లి తిరిగొస్తాయి, సాక్షి దొరకలేదని ఫైలులో రాసుకుంటారు. ఇల్లు మారిన వారంలోపే కొత్త అడ్రసు, ఫోన్ నంబరు రెండు కాగితాల మీద రాసి, ఒకటి దర్యాప్తు అధికారికి, ఇంకోటి పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కి ఇచ్చి, మీ కాపీల మీద సంతకం పెట్టించుకోండి.